సగం లేచిన రెజిమెంటు

రెజిమెంట్లను విలీనం చేయడం కంటే గొప్ప మానసిక చికిత్స ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. నా మాట నమ్మండి. ఉన్న కుర్చీలోంచి లేవకుండానే నేను నాలుగు రెజిమెంట్లకు మాజీ సైనికుణ్ణి అయ్యాను!

కుర్రతనంలో నేను చేరింది కాల్డర్‌షైర్ పదాతి దళంలో. తర్వాత లండన్‌లో ఎవరో మ్యాపు మీద ఒక గీత చెరిపేసి, మమ్మల్ని పక్క జిల్లా హార్లాండ్ వాళ్ళతో కలిపారు. ఆ వచ్చినదాన్ని ఇంకోదానితో, దాన్ని మరోదానితో. ఇప్పటి రెజిమెంటు పేరును ఊపిరి తీసుకోకుండా చెప్పగలిగిన జవానుకు మెడల్ ఇవ్వవచ్చు.

లాభాలు చూడండి. మా తాతలు కాలు పెట్టని యుద్ధాల పేర్లు కూడా ఇప్పుడు మా జెండా మీద కుట్టి ఉన్నాయి. ఒక్క తూటా పేలకుండా, ఒక గుమాస్తా సంతకంతో మేం స్పెయిన్‌లో ఒక కోట గెలిచాం. పూర్వం ఒకసారి మావాళ్ళు క్యాంటీన్‌లో హార్లాండ్ వాళ్ళను చితకబాదారు. విలీనం పుణ్యమా అని ఆ కొట్లాటలో గెలిచిందీ మేమే, పళ్ళు రాలిందీ మాకే. ఇంతటి సమదృష్టి ఏ సన్యాసికి దక్కింది?

ఈ ఉమ్మడి చరిత్రను పుస్తకంగా రాసే బాధ్యత నా మీద పడింది. నేను మాజీ సైనికుల సంఘానికి కార్యదర్శిని. ఆ పదవి నాకెలా వచ్చిందంటే, మిగతావాళ్ళు నాకంటే ముందు తల అడ్డంగా ఊపారు.

మా కాల్డర్‌షైర్ వాళ్ళను హార్లాండ్ వాళ్ళు 'పిండిగాళ్ళు' అనేవారు. పూర్వం మావాళ్ళు విగ్గులకు తెల్లపిండి అద్దుకుంటూ ఉండగా ఒక యుద్ధం అయిపోయిందట. 'వెనుక వరుసలో ఎంతో క్రమశిక్షణతో వేచి ఉన్నారు' అని నా పుస్తకంలో రాశాను. వేచి ఉండటం మాత్రం నిజమే కదా?

మేమూ ఊరుకోలేదు. వాళ్ళ పూర్వీకులు యుద్ధనౌకల మీద పనిచేశారు కాబట్టి వాళ్ళను 'తడికాళ్ళు' అనేవాళ్ళం. ఆ ద్వేషం ఎంత పుష్టిగా ఉండేదో! మనిషికి తానెవరో తెలియడానికి అద్దం చాలదు, ఎదురుగా తనను చిన్నచూపు చూసేవాడొకడు ఉండాలి. విలీనం నాకు ఆ జబ్బు కుదిర్చింది. ఇప్పుడు పొద్దున గడ్డం గీసుకుంటుంటే అద్దంలో ఒక పెద్దమనిషి ప్రశాంతంగా కనిపిస్తాడు. ఎవరో గుర్తురాడు.

అయితే జబ్బు పూర్తిగా పోలేదు. హార్లాండ్ వాళ్ళలో ఒక్కడు మిగిలాడు. పేరు క్లెమ్ థ్వైట్. తొంభై దాటిన మనిషి. ఏటా డ్రిల్ హాల్లో జరిగే మా విందుకు తప్పకుండా వస్తాడు.

విందు చివర రాజుగారి ఆరోగ్యం కోరుతూ అందరం పోర్ట్ వైన్ తాగుతాం. పూర్వం కాల్డర్‌షైర్ వాళ్ళం నిలబడి తాగేవాళ్ళం. హార్లాండ్ వాళ్ళు కూర్చుని తాగేవారు. ఓడలో లేస్తే తల దూలానికి కొట్టుకునేది కాబట్టి కూర్చునే తాగమని పూర్వం ఒక రాజుగారే అన్నారని వాళ్ళ చరిత్ర. బద్ధకమని మా చరిత్ర.

విలీనమయ్యాక కమిటీ ఒక రాజీ కుదిర్చింది. ఎవరూ కూర్చోకూడదు, ఎవరూ నిలబడకూడదు. మోకాళ్ళు వంచి, కుర్చీకి జానెడు పైన, గ్లాసు పట్టుకుని ఆగాలి. ఆ భంగిమలో మమ్మల్ని మొదటిసారి చూసిన పాదిరిగారు, మేమంతా ఒకేసారి బాత్రూముకు బయల్దేరుతున్నాం అనుకున్నారు. క్లెమ్ మాత్రం ఎప్పుడూ కదిలేవాడు కాదు. ఎవరూ ఏమీ అనేవారు కాదు.

ఈ ఏడు హెడ్‌క్వార్టర్స్ నుంచి కెప్టెన్ ఇమోజెన్ ఫార్ వచ్చింది. మర్యాదస్తురాలు. భోజనాలకు ముందే క్లెమ్ దగ్గరకు వెళ్ళింది.

"మిస్టర్ థ్వైట్, ఇకనుంచి అన్నిచోట్లా ఒకటే పద్ధతండీ. అందరం లేచి నిలబడతాం."

"నా మోకాళ్ళు బానే ఉన్నాయమ్మా. నడిచే వచ్చా."

"మరి ఇబ్బందేముందండీ?"

"నేను హార్లాండ్ వాణ్ణి."

"హార్లాండ్ ఇప్పుడు లేదు కదండీ."

"నేనున్నాగా."

"పోనీ, ఆ కాసేపూ పక్కగదిలో మీకు కుర్చీ వేయించనా?"

క్లెమ్ లేచి నావైపు తిరిగాడు. "నా కోటు ఎక్కడ పెట్టారు? ఒరేయ్ పిండిగా, నా వాటా మాంసం కూడా నువ్వే మింగు. ఇక నేను రాను."

పాఠకులారా, ఇంతసేపూ విలీనాన్ని పొగిడిన నేను ఇప్పుడు సంతోషించాలి. చివరి ముల్లు తనంతట తానే ఊడిపోతోంది. కానీ సంతోషం రాలేదు. ఈ మనిషి గుమ్మం దాటితే, నన్ను సరైన కారణంతో అసహ్యించుకునేవాడు ఈ దేశంలో ఇంకెవరున్నారు? మిగతావాళ్ళు నన్ను గౌరవిస్తారు. నేనెవరో తెలియక!

"సంఘం కార్యదర్శిగా ఈ విందుకు అధ్యక్షుణ్ణి నేను" అన్నాను కెప్టెన్‌తో. "ఎవరి రెజిమెంటు పద్ధతి వాళ్ళది. కూర్చోవయ్యా, తడికాళ్ళూ."

"హెడ్‌క్వార్టర్స్‌కు ఏం చెప్పమంటారు సార్?"

"ముసలాళ్ళు మాట వినలేదని చెప్పండి. నమ్ముతారు."

క్లెమ్ కూర్చున్నాడు. థాంక్స్ చెప్పలేదు. చెప్పి ఉంటే నాకు బాధ కలిగేది.

గ్లాసులెత్తే వేళ వచ్చింది. ఎవరి రెజిమెంటు ఏదో తెలియని కుర్రవాళ్ళు కుర్చీకి జానెడు పైన ఆగిపోయారు. కెప్టెన్ ఫార్ లేచి, మళ్ళీ కూర్చుని, మళ్ళీ లేచింది. క్లెమ్ కుర్చీలో రాయిలా ఉన్నాడు. నేను నిటారుగా నిలబడ్డాను.

"నిలబడటం కూడా రాదురా మీకు" అన్నాడు క్లెమ్, పక్క టేబుల్‌కు వినిపించేలా. "పొట్ట లోపలికి లాక్కో."

లాక్కున్నాను. నోటితో రాజుగారి పేరు చెప్పాను. గ్లాసు మాత్రం కూర్చున్నవాడి ఆరోగ్యం కోసం ఖాళీ చేశాను. రాజుగారు ఏమీ అనుకోరు, ఆయనకు బోలెడంతమంది ఉన్నారు.