మెల్లిగా గారి కారు పోయింది

ఆ రోజు పొద్దున నీటిమీటర్ల ఆఫీసు స్టోర్‌కీపరుకు అప్పగించిన పని చాలా చిన్నది. హెడ్డాఫీసు నుంచి తనిఖీకి వస్తున్న అధికారిణిని రైల్వే స్టేషనులో ఎక్కించుకుని ఆఫీసు గుమ్మం ముందు దించాలి. ఆఫీసులో కార్లున్నవాళ్లు ఇంకా ఉన్నారు గానీ, ఒకదాని తలుపు లోపలినుంచి తెరుచుకోదు, ఇంకోదాని సీటులోంచి స్ప్రింగు పైకి వస్తుంది. స్టోర్‌కీపరు కారుకు మాత్రం ఇంకా కొత్త వాసన పోలేదు. "ఆవిడ ముందు మన పరువు మీ చేతుల్లో ఉందండీ," అన్నారు మేనేజరు.

స్టోర్‌కీపరు లేటు వయసులో పెళ్లి చేసుకుని, ఆ వెంటనే ఈ కారు కొన్నారు. ఎవరు దాని తలుపు వేయబోయినా "మెల్లిగా, మెల్లిగా!" అని అరవడం ఆయన అలవాటు. దాంతో ఆఫీసులో అందరూ ఆయన అసలు పేరు మరిచిపోయి మెల్లిగా గారు అనేస్తున్నారు. ముందురోజు సాయంత్రం ఆయన కారు లోపలంతా కడిగి, సీట్లు ఆరాలని వెనక తలుపు ఓరగా వదిలి, హాయిగా నిద్రపోయారు. తలుపు తెరిచి ఉన్నందుకు లోపలి చిన్న దీపం తెల్లవార్లూ వెలుగుతూనే ఉంది.

పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని, కారులో కూర్చుని తాళం తిప్పితే టిక్ అంది. మళ్లీ తిప్పితే అదీ అనలేదు. బతిమాలారు. స్టీరింగు నిమిరారు. లాభం లేకపోయింది. ఇంట్లోకెళ్లి భార్యను లేపుదామనుకున్నారు గానీ, ఆవిడ ఆస్పత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ చేసి అప్పుడే వచ్చి, కళ్లలో వెలుతురు పడకుండా తల మీదుగా తెల్ల దుప్పటి ముసుగేసుకుని పడుకుంది. ఆ నిద్ర చెడగొడితే ఏమవుతుందో ఆయనకు అనుభవమే. అందుకని కారు షెడ్డులోంచే ఆఫీసుకు ఫోన్ చేశారు. టైపిస్టు ఎత్తింది. ఆ అమ్మాయి మనసు వెన్న. ఎదుటివాళ్లు తుమ్మినా కళ్లు తుడుచుకుంటుంది.

"అమ్మాయ్, మేనేజరు గారొచ్చారా?"

"ఇంకా లేదన్నయ్యగారూ. ఏంటి, గొంతు అలా ఉంది?"

"ఏం చెప్పమంటావు? పోయిందమ్మా."

"పోయిందా!"

"పూర్తిగా పోయింది. నిన్న సాయంత్రం కూడా బజారుకెళ్లొచ్చాం. చిన్న దగ్గు కూడా లేదు. పొద్దున చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు."

"అయ్యయ్యో! ఇంటికొచ్చి ఏడాదైనా కాలేదు కదన్నయ్యగారూ!"

"అదే నా బాధ. ఎంత అపురూపంగా చూసుకున్నానో నీకు తెలుసుగా. పక్కింటాయన ఒకసారి ఆనుకుని నిలబడితేనే పోట్లాటకెళ్లాను."

ఇలాంటి సంగతి కూడా జరిగిందా అని టైపిస్టు ఏడుపు మధ్యలో ఒక్క క్షణం ఆగింది. మళ్లీ అందుకుంది. "డాక్టరుకు చూపించారా?"

సందు చివరి మెకానిక్ షెడ్డు మీద 'కార్ల డాక్టరు' అని బోర్డుంటుంది. అందుకని మెల్లిగా గారికి ఆ ప్రశ్నలో వింతేమీ కనపడలేదు. "డాక్టరు ఫోనెత్తట్లేదు. నేనే వెళ్లి పట్టుకొస్తాను. ఆయనొచ్చినా లాభం ఉంటుందో లేదో. లేకపోతే బయటికి తీసుకెళ్లడానికి నలుగురు మనుషులు కావాలి. నా ఒక్కడి వల్ల కావట్లేదు."

అవతలినుంచి వెక్కిళ్లు వినిపించాయి. ఫోన్లో గరగర అనుకున్నారాయన. "స్టేషనుకు ఇంకెవరినైనా పంపమని మేనేజరు గారితో చెప్పు," అని గట్టిగా అరిచి పెట్టేశారు. టైపిస్టు అప్పటికే ఫోను పక్కన పడేసి బల్ల మీద తల వాల్చేసింది.

మేనేజరు తన సొంత పెళ్లికి కూడా సగం పూటే సెలవు పెట్టారని ఆఫీసులో చెప్పుకుంటారు. అలాంటి మనిషి కూడా "మోయడానికి నలుగురు మనుషుల్లేరట సార్!" అని టైపిస్టు బావురుమనగానే కుర్చీలో కూలబడ్డారు. "నలుగురేంటమ్మా? ఆఫీసంతా వెళ్తాం," అన్నారు గద్గదంగా. తనిఖీలో చూపించాల్సిన ఫైళ్లు ఎక్కడ పెట్టాడో మరిచిపోయిన ఎకౌంటెంటు అందరికంటే ముందు లేచి నిలబడి, "మనిషి కంటే ఫైళ్లు ముఖ్యమా సార్!" అన్నాడు.

మరి స్టేషనులో ఆవిడ సంగతి? ఆవిణ్ణి తీసుకురావడానికి ఎవరినైనా పంపమని మేనేజరు ఎకౌంటెంటుకు చెప్పారు. ఎకౌంటెంటు మీటర్ రీడరుకు చెప్పాడు. మీటర్ రీడరు, దుఃఖంలో ఉన్నవాడు గట్టిగా మాట్లాడకూడదు కాబట్టి, వాచ్‌మన్ చెవిలో ఏదో గొణిగాడు. వాచ్‌మన్ దాన్ని తాళం వేయమని అర్థం చేసుకుని, ఆఫీసుకు తాళం వేసి మెట్ల మీద కూర్చున్నాడు. అధికారిణికి స్వాగతం చెప్పడానికి తెప్పించిన పెద్ద పూలగుత్తి బల్ల మీద వృథాగా కనిపిస్తే, టైపిస్టు దాన్ని గుండెకు హత్తుకుని బయల్దేరింది.

వాళ్లు వెళ్లేసరికి మెల్లిగా గారు మెకానిక్ కోసం వెళ్లి ఉన్నారు. వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. చెప్పులు విప్పి, ఒకరి వెనక ఒకరు లోపలికి నడిచారు. పడకగదిలో మంచం మీద తల నుంచి పాదాల దాకా తెల్ల దుప్పటి. అంత స్పష్టంగా కనిపిస్తుంటే ఇంక ఎవరికీ ఏ సందేహమూ రాలేదు. మగవాళ్లు తలలు దించుకున్నారు.

"ఎంత మంచి మనిషి," అన్నారు, ఆవిణ్ణి ఒక్కసారి కూడా చూడని మేనేజరు.

"బంగారం సార్," అన్నాడు, ఆయనా చూడలేదని తెలిసిన ఎకౌంటెంటు.

టైపిస్టు ఉండబట్టలేక "వదినా!" అంటూ పూలగుత్తితో సహా మంచం మీద పడింది.

దుప్పటి లేచి కూర్చుంది. "ఎవర్రా!" అంది.

ఆ తర్వాత జరిగింది ఎవరూ పూర్తిగా చెప్పలేకపోయారు. మీటర్ రీడరు కిటికీలోంచి దూకాడని కొందరు, దూకబోయి ఇరుక్కున్నాడని కొందరు అన్నారు. మేనేజరు మాత్రం కదల్లేదు. నర్సు అలవాటు ప్రకారం ఆయన నాడి పట్టుకుని చూసి, మంచినీళ్లు తాగించి, అప్పుడు అడిగింది, వీళ్లంతా ఎవరని. టైపిస్టు ఫోన్లో విన్నదంతా పొల్లుపోకుండా చెప్పింది.

మెకానిక్ షెడ్డుకు తాళం చూసి ఉసూరుమంటూ తిరిగొచ్చిన మెల్లిగా గారికి ఇంటి నిండా తన ఆఫీసు కనిపించింది. "తనిఖీ మా ఇంట్లో పెట్టారా సార్?" అని అడిగారు.

"పోయింది పోయింది అన్నారట, ఏం పోయిందయ్యా?" అని గర్జించారు మేనేజరు.

"కారు బ్యాటరీ సార్."

భార్య మొగుడి వైపు చూసింది. "అపురూపంగా చూసుకున్నది కూడా దాన్నేనా అండీ?"

ఆవిడ నిద్ర చెడి, అవమానం మిగిలి, వాకిట్లో మెట్టు మీద కూర్చుని అందరినీ మార్చి మార్చి చూస్తోంది. ఆ చూపు తట్టుకోవడం కంటే ఏదో ఒక పని చేయడం నయమనిపించింది మేనేజరుకు. "ఎలాగూ వచ్చాం. తోద్దాం పదండి," అన్నారు.

ఇంటి ముందు వీధి కాస్త పల్లంగా ఉంటుంది. కారును వీధిలోకి తెచ్చారు. అప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. మెల్లిగా గారు స్టీరింగు ముందు కూర్చుంటే, వెనక వీళ్లు రంగు మీద ఎక్కడ చెయ్యేస్తున్నారో చూడ్డానికి మాటిమాటికీ దిగిపోతున్నారు. "గోళ్లు, గోళ్లు! అరచేత్తో మెల్లిగా!" అని అరుస్తారు. ఈలోపు కారు ఆగిపోతుంది.

సరిగ్గా అప్పుడే ఒక ఆటో వచ్చి ఆగింది. చేతిసంచీతో, కళ్లజోడుతో, ఒక పెద్దావిడ దిగింది. స్టేషనులో ఎవరూ రాకపోతే ఆఫీసుకు వెళ్లి, తాళం చూసి, వాచ్‌మన్‌ను అడిగి ఇక్కడికి వచ్చిన తనిఖీ అధికారిణి ఆవిడే. అంతకుముందు ఈ ఆఫీసులో ఎవరూ ఆవిణ్ణి చూసి ఎరగరు.

"నీటిమీటర్ల ఆఫీసు వాళ్లంటే..."

"మేమేనమ్మా," అన్నారు మేనేజరు, చెమట తుడుచుకుంటూ. "మీకు డ్రైవింగ్ వచ్చా?"

"లైసెన్సుంది."

"అయితే మీరెవరైనా సరే, ముందు కూర్చోండి. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి, సంచీ పక్క సీటులో పెట్టి కూర్చుంది. మేనేజరు కిటికీలోంచి తలపెట్టి పాఠం చెప్పారు. "తాళం తిప్పి ఉంచండి. రెండో గేరు. క్లచ్ తొక్కి పట్టండి. నేను ఊ అన్నప్పుడు వదలండి. అర్థమైందా?"

మొదటిసారి ఆవిడ ముందే వదిలేసింది. కారు ఒక్క కుదుపుతో ఆగింది. వెనకున్నవాళ్లు ఒకరి మీద ఒకరు పడ్డారు. "ఏంటమ్మా ఇది! చెప్పింది వినే అలవాటు లేదా? ఏ ఆఫీసులో పని చేస్తారో గానీ, మా దగ్గరైతే ఈ పాటికి మెమో ఇచ్చేవాణ్ణి!" అన్నారు మేనేజరు. ఆవిడ "సారీ" అంది, బుద్ధిగా.

ఈసారి అందరూ పళ్లు బిగబట్టి తోశారు. "ఊ!" అన్నారు మేనేజరు. కారు దగ్గి, ఊగి, ఒక్కసారిగా గర్జించింది. అందరూ చప్పట్లు కొట్టారు. కారు ముందుకు పోయింది. ఇంకా ముందుకు పోయింది. సందు చివర మలుపు తిరిగి కనిపించకుండా పోయింది.

చప్పట్లు ఒక్కొక్కటిగా ఆగాయి.

"పోయింది!" అన్నారు మెల్లిగా గారు, వీధి మధ్యలో చతికిలబడి.

"ఏది పోయిందో సరిగ్గా చెప్పండన్నయ్యగారూ," అంది టైపిస్టు.

పోలీసులకు ఫోన్ చేద్దామని మేనేజరు జేబులో చెయ్యి పెట్టేసరికి ఆయన ఫోనే మోగింది. వాచ్‌మన్. "సార్, తనిఖీ మేడం గారు మీకోసమని అక్కడికే ఆటోలో బయల్దేరారు. చేరారా సార్?"

మేనేజరు పోలీసుల సంగతి వదిలేసి ఫోను జేబులో పెట్టేసుకున్నారు. ఆవిడకు మెమో ఇస్తానన్న మాట మాత్రం ఆయన చెవుల్లో మళ్లీ మళ్లీ వినిపిస్తోంది.

అందరూ పడుతూ లేస్తూ ఆఫీసుకు చేరేసరికి కారు గుమ్మం ముందే ఉంది. ఇంజను ఆగలేదు. అధికారిణి మేనేజరు కుర్చీలో కూర్చుని ఉంది. అందరూ గోడవారగా నిలబడ్డారు. ఉద్యోగం తర్వాత ఏం చేయాలా అని మేనేజరు అప్పుడే ఆలోచన మొదలుపెట్టారు.

"నేను చాలా ఆఫీసులు చూశాను," అంది ఆవిడ. "నేను రాగానే అందరూ లేచి నిలబడతారు. నన్ను కూర్చోబెట్టి తోసినవాళ్లు మాత్రం మీరే."

"మేడం, క్షమించాలి..."

"ఆగండి. లైసెన్సు తీసుకుని ఏళ్లయింది. ఇంట్లో మావారు కారు ఇవ్వరు, అబ్బాయి ఇవ్వడు. ఎప్పుడడిగినా 'నీకెందుకమ్మా' అంటాడు. ఇవాళ మీరు పేరు కూడా అడక్కుండా స్టీరింగు చేతికిచ్చారు." ఆవిడ కళ్లజోడు తీసి తుడుచుకుంది. "ఇలాంటి ఆఫీసును ఒక్క పూటలో చూసి వెళ్లడం న్యాయం కాదు. వారం ఉంటాను. మీటర్లన్నీ ఊరంతా తిరిగి చూద్దాం. బ్యాటరీ కొత్తది వేయించండి. బండి నేనే నడుపుతాను."

మేనేజరు ముఖం వెలిగిపోయింది. ఎకౌంటెంటు చప్పట్లు కొట్టాడు. మెల్లిగా గారు మాత్రం కిటికీలోంచి కారు వైపు చూశారు. ముందు బంపరుకు గేటు రంగు అంటుకుని ఉంది.

వారం తర్వాత అధికారిణి సంతోషంగా రైలెక్కింది. అప్పటికి ఆ కారులో చెక్కు చెదరకుండా మిగిలింది కొత్త బ్యాటరీ ఒక్కటే.