ఒకటో నంబరు సీసా

మా స్వాతంత్ర్య దినం ఆగస్టు పదిహేడులోగా మా జిల్లాలో ఒక్క ఒరాంగుటాన్ కడుపులోనూ ఒక్క నులిపురుగు కూడా మిగలదని వన్యప్రాణి శాఖ జిల్లా అధిపతి బాపక్ సుబర్కా ప్రకటించారు. గోపురంలా పేర్చిన పసుపన్నం కోసి, పెద్దవాళ్లకి ఇవ్వాల్సిన మొదటి ముక్క తానే తిని మరీ ప్రకటించారు. మగ పెద్దల్ని బాపక్ అనీ, ఆడవాళ్లని ఇబు అనీ పిలవడం మా మర్యాద. ఇండోనేషియాలోని మా కలిమంతాన్‌లో ఇంత ధైర్యంగా మాట్లాడిన అధికారి ఇంకొకరు లేరు. ఈ సంగతి పురుగులకి ఎవరూ చెప్పలేదు, అది వేరే విషయం.

నేను పన్నెండు ఒరాంగుటాన్లున్న పునరావాస కేంద్రంలో కాపరిని. పద్నాలుగేళ్లుగా వాటి బోన్లు కడుగుతున్నాను. ఒకటో బోనులో ఊనింగ్ ఉంటుంది, ఐదేళ్ల పిల్ల. కడుపులోని పురుగులు ఊపిరితిత్తులకెక్కి రెండు నెలలుగా దగ్గుతోంది. దగ్గొచ్చినప్పుడల్లా నా మెడ పట్టుకుని వేలాడుతుంది. నేను దాని వీపు నిమురుతాను.

మా డాక్టరు ఇబు వహీదా బాపక్ గారి గదికి వెళ్లింది. వెనక నేనూ వెళ్లాను.

“బాపక్, పన్నెండింటికీ పురుగులున్నాయి. ఊనింగ్ పరిస్థితి మరీ అధ్వాన్నం. మందు తెప్పించండి.”

“తెప్పిస్తే పురుగులున్నాయని ఒప్పుకున్నట్టే కదమ్మా!”

“ఉన్నాయి కదండీ!”

“నేను ప్రకటించేశాక ఇంకా ఎలా ఉంటాయి?”

ఈ వాదన ముందు వైద్యశాస్త్రం నిలబడలేకపోయింది.

అంతలో రాజధాని నుంచి ఉత్తరం వచ్చింది. పన్నెండింటి మలమూ ప్రయోగశాలకి పంపాలి, పురుగులు లేవని తేలినవాటిని పదిహేడున కెమెరాల ముందు అడవిలో వదలాలి.

“ఈ దగ్గుతో వదిలితే ఊనింగ్ నెల తిరక్కుండా చచ్చిపోతుంది, బాపక్!” అంది ఇబు వహీదా.

“అడవిలో చస్తే ప్రకృతి. మన బోనులో చస్తేనే విచారణ,” అన్నారాయన. ఇంత సూక్ష్మంగా ఆలోచించేవాళ్లు అరుదు.

వెంటనే సమావేశం పెట్టారు. “మనకి కావలసింది శుభ్రమైన మలం. ఈ జిల్లాలో శుభ్రంగా తిని, శుభ్రంగా బతికేదెవరు?”

అందరూ కిటికీలోంచి బోన్ల వైపు చూశారు.

“మనమేనయ్యా!” అన్నారు బాపక్.

“మనిషిదని తెలిసిపోదూ?” అన్నాడు గుమాస్తా.

“ఒరాంగుటాన్‌కీ మనిషికీ నూటికి తొంభై ఏడు పాళ్లు తేడా లేదని మన కరపత్రంలోనే ఉంది. రాయించింది నేనే.”

పన్నెండు సీసాలు, పన్నెండు మంది అధికారులు. మా దగ్గర ఫొటోకి నిలబడాలన్నా, భోజనానికి కూర్చోవాలన్నా హోదా ప్రకారమే. సీసాలకీ అదే మర్యాద. ఒకటో నంబరు సీసా బాపక్ గారిది. మర్నాడు దాన్ని గుమాస్తా రెండు చేతులా అందుకున్నాడు. ఒకటో నంబరు బోను ఊనింగ్‌ది కాబట్టి చీటీ మీద ‘ఊనింగ్, ఆడ, ఐదేళ్లు’ అని రాశాను. ఆయనే సంతకం పెట్టారు.

ఆ మధ్యాహ్నం బాపక్ ఎప్పట్లాగే పచ్చి ఆకులు మిరపకాయ నూరిన సంబల్‌లో అద్దుకుని తృప్తిగా భోంచేశారు. వండితే ఆకుల్లో సత్తువ పోతుందని ఆయన నమ్మకం. కడిగినా పోతుందట.

పదహారో తేదీన ఫలితాల కవరూ, దాంతోపాటు ఒక పెట్టే వచ్చాయి. బాపక్ బాతిక్ చొక్కా వేసుకుని, విలేకరుల ముందు కవరు చించి, గొంతు సవరించుకున్నారు.

“పదకొండు జంతువులు సంపూర్ణ ఆరోగ్యంతో ఉన్నాయి. ఒకటో నంబరు...” ఆగి నీళ్లు తాగారు.

“చదవండి, బాపక్!”

“ఒకటో నంబరు జంతువుకి మూడు రకాల పురుగులు. ఇంత సంఖ్యలో మేమెన్నడూ చూడలేదు. దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ బయట తిరగనివ్వరాదు. విడుదల వాయిదా. ఒకే చోట ఉంటున్నాయి కాబట్టి పన్నెండింటికీ ఈ మందు వాడాలి. దీని శుభ్రతకి బాధ్యులెవరో వారిపై కఠిన చర్య తీసుకోవాలి.”

“బాధ్యులెవరు, బాపక్?” అడిగింది ఒక విలేకరి.

“విచారిస్తాం,” అన్నారు గంభీరంగా.

నేను బోన్ల దగ్గరికి పరిగెత్తాను. ఆ సాయంత్రమే ఊనింగ్ అరటిపండులో దాచిపెట్టిన మొదటి మోతాదు మింగింది. నాకు ఏడుపొచ్చింది.

పెట్టెలో పన్నెండింటికి సరిపడా మందు, పాడైతే వాడుకోమని అదనంగా ఇంకొక్కరికి సరిపడా ఉన్నాయి. మర్నాడు బాపక్ గారి డ్రైవరు వచ్చాడు.

“ఆ అదనపు మందు ఇవ్వమన్నారు, ఇబు. సార్ పరిశీలిస్తారట.”

“డాక్టరు కళ్లముందే మింగించాలి. బయటికివ్వడం కుదరదు. నిబంధన ఆయనదే,” అంది ఇబు వహీదా.

మందుల షాపులో కొనుక్కుందామన్నా, ఊళ్లో ప్రతి షాపు గోడకీ ‘పురుగులు లేని జిల్లా’ అన్న అక్షరాల కింద ఆయన ఫొటోనే ఉందాయె.

నాలుగో రోజు ఆయనే వచ్చారు. అప్పటికి ఊనింగ్ దగ్గు సగానికి తగ్గింది, పాపిష్టిదానికి ఆకలి కూడా మొదలైంది. బాపక్ దాని వంక చాలాసేపు చూశారు.

“కొత్తగా ఒక జంతువు వచ్చింది. దానికి కావాలి.”

“బరువెంత, బాపక్?” ఇబు వహీదా కలం తీసింది.

“ఎనభై నాలుగు కిలోలు.”

“మగదేనా?”

“మగదే.”

“ఎక్కడుంది?”

ఆయన వెనక్కి తిరిగి చూసి, తలుపు దగ్గరగా వేసి, స్టూలు మీద కూర్చున్నారు. నేను చేతులు కడుక్కుని అరటిపండు ఒలిచాను.