బూడిద రంగు ఉన్న చోటల్లా

శనివారం పొద్దున బొమ్మలమ్మాయి వేసుకున్న లెక్క చూస్తే ఎవరైనా మెచ్చుకోవలసిందే. పదింటికి బూడిద రంగు పని, పన్నెండింటికి ఫ్రేము తెచ్చుకోవడం, నాలుగింటికి ప్రిన్సిపాల్ గారి బొమ్మ వాళ్ళింట్లో అప్పజెప్పడం, ఐదింటికల్లా చర్చిలో ఓడ నిలబెట్టడం. మధ్యలో భోజనం అనే మాటే లేదు.

పెంపుడు కుక్కలు, పుట్టినరోజు పాపలు, బేకరీ బోర్డులు గీసి ఇస్తుంది కాబట్టి వీధిలో అందరికీ ఆమె బొమ్మలమ్మాయి. ఇవాళ్టిది మాత్రం ఆషామాషీ పని కాదు. సాయంత్రం ప్రిన్సిపాల్ గారి పదవీ విరమణ సభ. బొమ్మ నచ్చితే, స్కూలు హాల్లో పెట్టబోయే పాత ప్రిన్సిపాళ్ళ చిత్రాలు పన్నెండూ ఆమెకే ఇస్తామన్నారు. ఇది చేజారితే ఇక జీవితాంతం కుక్కలే గతి అని ఆమె భయం. ఇంకోపక్క అత్తగారు. చర్చి స్త్రీల సమాజానికి అధ్యక్షురాలు. ఆదివారం సండే స్కూలు పిల్లలు వేసే నాటకానికి, బైబిల్లో ప్రళయం వచ్చినప్పుడు జంతువుల్ని జంటలుగా ఎక్కించుకున్న నోవహు ఓడ, ఆ జంతువులు, మబ్బులు అన్నీ మా కోడలే చేసేస్తుందని, కోడల్ని అడక్కుండానే మాటిచ్చి వచ్చేశారు.

బొమ్మలమ్మాయికి ఒక పట్టుదల ఉంది. కలిపిన రంగు చుక్క కూడా పారబోయదు. గదిలో ఎన్ని బొమ్మలుంటే అన్నిటికీ ఆ రంగు పూసేశాక గానీ ఇంకో రంగు ముట్టదు. ఆ పొద్దున బూడిద రంగు మబ్బులకు పూసింది, అట్ట ఏనుగుకు పూసింది. మిగిలింది ప్రిన్సిపాల్ గారి జుట్టుకూ, కనుబొమ్మలకూ, మీసాలకూ సరిగ్గా సరిపోయింది. మురిసిపోతూ అన్నిటినీ ఒకే గోడకు ఆరబెట్టి ఫ్రేము కోసం బయల్దేరింది.

ఫ్రేములాయన దాన్ని అంగుళం తక్కువ చేసి పెట్టాడు. మళ్ళీ కోస్తానంటూ తాపీగా రంపం వెతుకుతుండగా అత్తగారు ఫోన్ చేశారు. సమాజం ఆడవాళ్ళు నలుగురు ఇంటికొచ్చారట, ఊరికే కూర్చోలేకపోతున్నారట, ఏదైనా పని చెప్పమంటున్నారట. బొమ్మలమ్మాయి మనసు ఆ అంగుళం మీద ఉంది.

“బూడిద రంగు ఉన్న చోటల్లా దూది అంటించేయండి అత్తయ్యా. బాగా ఉబ్బెత్తుగా ఉండాలి” అంది, మబ్బుల్ని తలుచుకుంటూ.

వాళ్ళు ఆ మాట తు.చ. తప్పకుండా పాటించారు. మబ్బులయ్యాయి. ఏనుగు కాస్తా ఎలుగుబంటయింది. తర్వాత పెద్దాయన వంతు. ఈయన్ని ఎక్కడో చూసినట్టుందని ఒకావిడ నసిగింది. నోవహును ఎరగనివాళ్ళెవరు అని అత్తగారు కొట్టిపారేశారు. నోవహుకు కోటేమిటి, కోడలికి బొత్తిగా బైబిలు తెలియదని నొచ్చుకుని, ఆ కోటు మీద పాత దుప్పటి ముక్క అంటించారు.

మూడింటికి బొమ్మలమ్మాయి ఇంటికొచ్చేసరికి గోడ ఖాళీ. వెంటనే అత్తగారికి ఫోన్ చేసింది.

“కంగారెందుకే, అన్నీ ఆటోలో చర్చికి తెచ్చేశాం. అన్నిట్లోకీ నోవహు భలే కుదిరాడు.”

“మనం నోవహును వెయ్యలేదు కదా అత్తయ్యా.”

“మరి ఓడ కిటికీలో ఉన్నదెవరే?”

ఆమె ఫ్రేము భుజాన తగిలించుకుని చర్చికి పరుగెత్తింది. లోపలికి అడుగుపెడుతూనే ఆగిపోయింది. నాటకంలో పావురం వేషం ప్రిన్సిపాల్ గారి మనవరాలిదే. దాన్ని రిహార్సల్‌కు తీసుకొచ్చిన తాతా నాయనమ్మా ముందు వరసలో కూర్చుని ఉన్నారు. కేక వెయ్యకుండానే మూడంతస్తుల స్కూలును గడగడలాడించిన పెద్దమనిషి, ఓడ కిటికీలో దుప్పటి కప్పుకున్న తనను తాను కన్నార్పకుండా చూస్తున్నారు. పన్నెండు చిత్రాలూ నీళ్ళలో కలిశాయనుకుంది బొమ్మలమ్మాయి. ఏడుపు ఆపుకుంటూ, గంట టైమిస్తే దూదంతా పీకేస్తానని బతిమాలింది.

ఆయన చూపు బొమ్మ మీదే ఉంది. భార్య మాత్రం చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతోంది. ఆడవాళ్ళు దూది మీసాల కొసలు పైకి తిప్పి అంటించారు. దాంతో బొమ్మలో ఆయన ముఖం హాయిగా నవ్వుతోంది.

“ముప్పై ఐదేళ్ళ కాపురం అమ్మాయ్. ఈయన నవ్వితే ఎలా ఉంటారో ఇవాళ చూశాను. పీకావంటే ఊరుకోను.”

ప్రిన్సిపాల్ గారు తన మీసం కొస ఒకసారి తడుముకున్నారు. బొమ్మలమ్మాయి భుజం వైపు చూశారు.

“ఆ ఫ్రేము దీనికేనా?”

సాయంత్రం సభలో తెర తీయగానే ముందు టీచర్లు బిక్కచచ్చిపోయారు. పెద్దాయన చప్పట్లు కొట్టడం చూసి వాళ్ళూ కొట్టారు. పన్నెండు చిత్రాలూ నువ్వే వెయ్యాలని స్కూలు కమిటీవాళ్ళు అక్కడికక్కడే చెప్పేశారు. ఇల్లు చేరేదాకా బొమ్మలమ్మాయి సంతోషం పట్టలేకపోయింది. ఇంటి దగ్గర అత్తగారు, మరి మా నోవహు సంగతేమిటని నిలదీశారు. మర్నాడు నాటకంలో, బొమ్మకు బదులు, ఓడ కిటికీలో దుప్పటి కప్పుకుని సాక్షాత్తూ ప్రిన్సిపాల్ గారే నిలబడ్డారు. పిల్లలు పట్టుకున్న జంతువులన్నీ రెండేసి చొప్పున, కిక్కురుమనకుండా ఓడెక్కాయి.

సోమవారం నుంచి చర్చి సంఘ పెద్దలు ఒక్కొక్కరే వచ్చి, తమను బైబిల్లోని మోషేగానో దావీదుగానో వేసిపెట్టమని అడుగుతున్నారు. గొర్రెగా వెయ్యమన్నవాళ్ళు ఇంతవరకూ లేరు.