కందుల గోదాములో దొంగాట

ఆ రోజు పొద్దున రవితేజ వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తమ ఇంటి వెనక గోదాములోకి దొంగలా దూరాలి. రెండు నిమిషాల్లో కాపలా పుల్లయ్యకు దొరికిపోవాలి. అదంతా ఫోనులో రికార్డు చేసి పన్నెండు గంటల మీటింగులో సుస్మిత మేడమ్‌కు చూపించాలి. దొరికిపోవడం కోసమే దొంగతనానికి బయల్దేరిన మనిషి మార్కాపురం మొత్తంలో అతనొక్కడే అయి ఉంటాడు.

వీడియో గేములు బజారులోకి రాకముందే ఆడి చూసి తప్పులు పట్టడం రవితేజ ఉద్యోగం. కంపెనీ బెంగళూరులో ఉంది, అతను మార్కాపురంలో సొంత ఇంటి మేడ మీద గదిలో ఉన్నాడు. ఇప్పుడు చూస్తున్న ఆటలో ఒక దొంగ కాపలావాళ్ల కన్నుగప్పి కోటంతా తిరగాలి. దొంగ కాలు తగిలి కుండ దొర్లితే కాపలావాడు వస్తాడు, అటూ ఇటూ చూస్తాడు, "ఏదో గాలి" అని గొణుక్కుని పది సెకన్లలో వెళ్లిపోతాడు. అది చూసినప్పుడల్లా రవితేజకు ఒళ్లు మండేది. లోకంలో ఇంత మొద్దు కాపలావాడు ఎక్కడా ఉండడని పదకొండుసార్లు ఫిర్యాదు రాశాడు.

"కాపలావాళ్లకు తెలివి పెంచితే ఆడేవాళ్లు మొదటి గుమ్మం దగ్గరే దొరికిపోతారు రవితేజా. ఆటన్నాక గెలిచే సందు ఉండాలి కదా" అంది ఆ ఆట తయారీ చూసుకునే సుస్మిత, ముందురోజు ఫోనులో.

"నిజం మాదిరి కూడా ఉండాల కదా మేడమ్! మా గోదాము దగ్గర పుల్లయ్య తాత ఉండాడు. ఎలక కదిలినా లేచి నిలబడతాడు."

"అయితే రుజువు తీసుకురా. రేపు మీటింగులో చూద్దాం."

రవితేజ తండ్రి సీతారామాంజనేయులు కందుల వ్యాపారి. తర్లుపాడు, వెలిగండ్ల, హనుమంతునిపాడు రైతుల దగ్గర కొన్న కందులు ధర పెరిగేదాకా గోదాములో బస్తాల్లో ఉంటాయి. కొడుకు చేసేదీ ఒక ఉద్యోగమేనన్న నమ్మకం ఆయనకు ఇంకా కుదరలేదు. "ఆడుకునేటోనికి జీతమేంది?" అని నెలకోసారైనా అంటాడు. దానికి తోడు ఆ గోల. రవితేజ హెడ్‌ఫోన్లు చెడిపోయి నెలయింది. అప్పటినుంచి తొమ్మిదింటికల్లా కత్తుల చప్పుడు, చావుకేకలు, తలుపులు బద్దలు కావడం వీధి చివరిదాకా వినిపిస్తున్నాయి. మొదటి వారం ఉలిక్కిపడ్డవాళ్లు తర్వాత అలవాటు పడిపోయారు.

పదింటికి రవితేజ ఫోనును ప్రహరీ మీది పూలకుండీకి ఆనించి రికార్డింగు నొక్కాడు. వంగి వంగి గోదాము వైపు నడిచాడు. పుల్లయ్య గోదాము తలుపు ముందరి అరుగు మీద కూర్చుని చిరిగిన గోనెసంచి కుడుతున్నాడు. రవితేజ కావాలనే ఖాళీ నూనెడబ్బాను కాలితో తన్నాడు. అది దొర్లి దొర్లి పుల్లయ్య మోకాలికి తగిలి ఆగింది.

పుల్లయ్య తల కూడా ఎత్తలేదు. "గాలి" అన్నాడు, సూదిలోకి దారం ఎక్కించుకుంటూ.

రవితేజకు నీరసం వచ్చేసింది. లోపలికి దూరితేనన్నా పట్టుకుంటాడేమోనని తెరిచి ఉన్న తలుపులోంచి వెళ్లి, బస్తాల వరసకూ గోడకూ మధ్య కూర్చున్నాడు. అడుగుల చప్పుడైంది. హమ్మయ్య అనుకునేలోపు వినిపించింది పుల్లయ్య గొంతు కాదు, తండ్రి గొంతు. ఇరవయ్యెనిమిదేళ్లవాడు పట్టపగలు సొంత గోదాములో నక్కి ఉన్నాడంటే తండ్రికి ఏం చెప్పాలి? నోరు మూసుకుని ఇంకొంచెం ముడుచుకున్నాడు.

తండ్రితో వచ్చింది నతానియేలు. కందులకు పురుగు పట్టకుండా మందు పెట్టడానికి గిద్దలూరు నుంచి వస్తుంటాడు.

"గవాక్షాలకు కాగితాలు అంటించినా శెట్టిగారూ. ఈ బస్తాల మీద పట్ట కప్పి, బిళ్ళలు పెట్టి తాళమేసినామంటే ఏడు రోజులు ఎవురూ తలుపు తీయగూడదు. లోపల పురుగే కాదు, ఎలక్కూడా బతకదు."

"మనుషులకేమన్నా ప్రమాదమా?"

"లోపలుంటే అంతే. ఆ బిళ్ళల గాలికి వెల్లుల్లి వాసనుంటాది. అది తగిలిందంటే ఊపిరి బిగబట్టుకుని పరిగెత్తాల."

ఆ మాట పూర్తిగా అర్థమయ్యేలోపే రవితేజ నెత్తిన పెద్ద టార్పాలిన్ పట్ట వచ్చి పడింది. చుట్టూ చీకటి. బయట ఎవరో పట్ట అంచుల మీద ఇసుక సంచులు పెడుతున్న చప్పుడు. తండ్రికి దొరికిపోవడమా, పురుగులతో పాటు పోవడమా అని అతను ఇంకా తేల్చుకుంటుండగానే తలుపు మూసుకుంది. తాళం పడింది.

రవితేజకు పై ప్రాణాలు పైనే పోయాయి. పట్ట తోసుకుని, బస్తాల మీదుగా పాకి, తడుముకుంటూ తలుపు దగ్గరికి వచ్చాడు. బిళ్ళలు పెట్టారా, లేదా? పట్ట కింద ఉన్నవాడికి ఏం తెలుస్తుంది? ఫోను చూస్తే బయట ప్రహరీ మీద ఉంది. రెండు చేతులతో ఇనప తలుపును దబదబా బాదాడు.

"పుల్లయ్య తాతా! తలుపు తియ్యి! నేను లోపలుండా!"

బయట నుంచి తల్లి అనంతలక్ష్మి గొంతు వినిపించింది. "ఏం పుల్లయ్యా, ఈ పూట మరీ గోలగా ఉందే!"

"కొత్త ఆట మాదిరుందమ్మా. తలుపులు పగలగొడతాండారు" అన్నాడు పుల్లయ్య, మేడ గది వైపు గడ్డం ఎగరేసి.

"అమ్మా! నేనే! ఆట కాదు! చచ్చిపోతాండా!"

"అమ్మా అని కూడా అంటాందే" అంది అనంతలక్ష్మి మెచ్చుకోలుగా. "అచ్చం మన రవి గొంతే. బాగా చేసినారు."

"నా పేరు కూడా పెట్టినాడమ్మా చిన్నయ్య" అన్నాడు పుల్లయ్య, గొంతులో గర్వం దాచుకోకుండా. "ఇందాక పుల్లయ్య తాతా అన్నె, వింటివా?"

అనంతలక్ష్మి నవ్వుకుంటూ వంటింట్లోకి వెళ్లిపోయింది. రవితేజకు సంగతి అర్థమైంది. ఎంత గట్టిగా అరిస్తే ఆట అంత బాగున్నట్టు లెక్క. ఏడ్చాడు, బతిమాలాడు, తండ్రిని తిట్టాడు కూడా. పుల్లయ్య కుట్టు ఆపలేదు. తలుపు కింది సందులోంచి అతని కాలివేళ్లు కనిపిస్తున్నాయి. జానెడు దూరంలో మనిషి ఉండి కూడా తను చావబోతున్నాడనుకుని రవితేజ ఆ వేళ్ల వైపు ఇంకోసారి కేకేశాడు.

అప్పుడే ఆ సందులోంచి వెల్లుల్లి వాసన వచ్చింది.

మందు పనిచేయడం మొదలుపెట్టింది! నతానియేలు చెప్పిన రెండు పనుల్లో పరిగెత్తడానికి చోటు లేదు. మిగిలిన పనే చేశాడు. కేకలు ఆపి, బుగ్గలు పూరించి, ముక్కు మూసుకుని నేల మీద కూలబడ్డాడు. ఊపిరి ఆగనప్పుడు చొక్కా అడ్డం పెట్టుకుని చిటికెడంత పీల్చి మళ్లీ బిగబట్టాడు. ఇల్లంతా నిశ్శబ్దమైపోయింది.

వంటింట్లో పప్పుకు వెల్లుల్లి తిరగమోత పెడుతున్న అనంతలక్ష్మి చేతిలో గరిటె ఆగింది.

"పుల్లయ్యా, చప్పుడు ఆగిపోయిందేంది?"

"అలిసిపోయుంటాడులేమ్మా."

"వాడా? ఈ నెల్రోజుల్లో అన్నం తినేటప్పుడు కూడా ఊరుకోలేదు. నాకెందుకో భయమవుతాంది." పొయ్యి ఆర్పి మేడ మెట్లు ఎక్కింది. గదిలో కొడుకు లేడు. కంప్యూటరు అసలు ఆన్ చేయనే లేదు. మరి ఇందాకట్నుంచి అరిచిందెవరు? ఆమె వేసిన కేకకు వీధి చివర టీ తాగుతున్న సీతారామాంజనేయులూ నతానియేలూ గ్లాసులు వదిలేసి పరిగెత్తుకొచ్చారు.

"ఆ అరుపులు యాడ్నుంచి వచ్చినాయి పుల్లయ్యా?"

పుల్లయ్య మెల్లగా లేచి గోదాము తాళం వైపు చూశాడు. చేతిలో సూది కింద పడింది.

తలుపు తీసేసరికి రవితేజ బుగ్గలు ఉబ్బి, కళ్లు తేలేసి ఉన్నాడు. ఊపిరి తీసుకోమంటే తల అడ్డంగా ఊపాడు. నతానియేలు చేతిలోని బిళ్ళల డబ్బా అతని ముఖం ముందు పెట్టాడు.

"ఇంకా మూత కూడా తీయలేదబ్బాయా! టీ తాగొచ్చి పెడదామనుకుంటిమి!" అని, తను ఏం మాట్లాడుతున్నాడో అప్పుడు తెలిసివచ్చి, డబ్బా కింద పెట్టి అరుగు మీద కూలబడ్డాడు. సీతారామాంజనేయులు తిట్టడానికే ముందుకొచ్చాడు. కొడుకు మణికట్టు పట్టుకున్నవాడు చాలాసేపు వదల్లేదు.

పన్నెండింటికి రవితేజ ఆ వీడియో చూపించాడు. తన ఫిర్యాదులన్నీ వెనక్కి తీసుకుంటున్నానని, నిజమైన కాపలావాడు పది సెకన్లు కూడా వెతకడని ఒప్పుకున్నాడు. సుస్మిత ఆ వీడియోను రెండోసారి వేయించుకుని చూసింది.

"ఇలాంటి కాపలావాణ్ణి ఆటలో పెడితే డబ్బు వాపసు అడుగుతారు, ఎవరూ నమ్మరు" అంది చివరికి. "నువ్వు ముందు చెప్పిందే నయం. మన కాపలావాళ్లకు కాస్త తెలివి పెంచేద్దాం."

అలా రవితేజ గెలిచాడు. ఇంట్లో మాత్రం మేడ మీద చప్పుడు రెండు నిమిషాలు ఆగితే చాలు, అనంతలక్ష్మి గుండె దడతో మెట్లెక్కుతోంది. కాబట్టి మధ్యాహ్నం కునుకు తీయాలంటే రవితేజ ఆటలో నలుగురు కాపలావాళ్లచేత చావుకేకలు పెట్టిస్తూనే పడుకోవాల్సి వస్తోంది.