పామర్రుకి హనుమాన్ జంక్షన్ మీదుగా

ఇకమీదట నన్నెవరూ దారి అడక్కండి. వీధి చివర టీ కొట్టుకి ఎటు వెళ్ళాలన్నా సరే, తెలీదనే చెబుతాను. ఎందుకో చెబుతా, కాస్త కూర్చోండి. మధ్యలో నవ్వితే మాత్రం లేచి వెళ్ళిపోతాను.

నేను ఫ్యాన్ల కంపెనీకి సేల్స్ చూస్తానని మీకు తెలుసు. బందరు నించి కైకలూరు దాకా ఫ్యాను తిరిగే ప్రతి ఊళ్ళోనూ నేనూ తిరిగాను. అందుకని మా అమ్మాయి సింధూరి స్కూలు పేరెంట్స్ వాట్సాప్ గ్రూపులో నాకో పదవి దొరికింది. ఖో-ఖో జట్టు వేరే ఊళ్ళకి ఆడటానికి వెళ్ళినప్పుడల్లా పిల్లలు స్కూలు వ్యానులో వెళ్తారు, మేం వెనక కార్లలో వెళ్తాం. ఆ కార్లవాళ్ళకి దారి రాసి పెట్టడం నా పని. గ్రూపుకి పెద్ద ఛాయాదేవి గారు, జట్టు కెప్టెనుకి తల్లి. నా పేరు ఆమోసైతే, ఆవిడే నాకు 'రూటు ఆమోసు గారు' అని పేరు పెట్టారు.

"మెడలో దండ వేసినట్టుంది," అన్నాను మా ఆవిడతో.

"దండ ఎప్పుడెప్పుడు వేస్తారో గుర్తుందిగా," అంది హెలెన్. మా ఆవిడ పొగడ్త కూడా ఇలాగే ఉంటుంది.

ఈసారి ఆట పామర్రు అవతల ఒక హైస్కూలు గ్రౌండులో. సింధూరిని మొట్టమొదటిసారి ఆడే తొమ్మిదిమందిలో వేశారు. అంతకుముందు రెండేళ్ళూ గట్టు మీద కూర్చుని అందరి మంచినీళ్ళ సీసాలూ కాపలా కాసింది. కబురు తెలిసిన రోజు పిల్ల అన్నం సగంలో వదిలేసి లేచి గంతులేసింది. నాకూ గంతులేయాలనే ఉంది గానీ మోకాళ్ళు ఒప్పుకోలేదు.

విజయవాడ నించి పామర్రుకి దారి చెప్పడానికి నేనే అక్కర్లేదు, ఎవరైనా చెబుతారు. బందరు రోడ్డు ఎక్కి కంకిపాడు, ఉయ్యూరు దాటడమే. చిక్కంతా ఆ ఉయ్యూరులోనే ఉంది. అక్కడ మా తోడల్లుడు బెన్నీ ఉన్నాడు.

బెన్నీ హెలెన్ చెల్లెలి మొగుడు. మంచివాడు. అదే నా బాధ. చెడ్డవాడైతే నలుగురికీ చెప్పుకుని సుఖపడేవాణ్ణి. కాలేజీ రోజుల్లో ఖో-ఖో ఆడాడు. వేసవి సెలవులకి మా పిల్ల ఉయ్యూరు వెళ్తే తెల్లారకముందే లేపి, గ్రౌండుకి తీసుకెళ్ళి, కొసన ఉండే స్తంభాన్ని ఒంటిచేత్తో పట్టుకుని ముందుకి దూకడం నేర్పాడు. అప్పట్నించీ మా ఇంట్లో ఏ మాట మొదలైనా 'బెన్నీ బాబాయ్ ఏమన్నాడంటే' అనే మొదలవుతుంది. బూట్లు కొన్నది నేను. మోకాళ్ళు చెక్కుకుపోతే మందు రాసేది నేను. పేరు మాత్రం బాబాయ్‌ది.

"డాడీ, వచ్చేటప్పుడు బాబాయ్‌ని ఎక్కించుకుని రండి," అంది సింధూరి. "లైను దగ్గర నించుంటే నాకు ధైర్యంగా ఉంటుంది."

"నేను నించుంటాగా."

"నువ్వు కూడా నించో."

ఆ 'కూడా' నాకు మింగుడుపడలేదు. కన్నతండ్రిని, నేను 'కూడా' ఏమిటండీ?

ఆదివారం చర్చి అవగానే, గుడివాడలో డీలర్ని కలవాలని చెప్పి ఒక్కణ్ణే కారు తీశాను. ఉయ్యూరు తగలని దారి ఒకటి చూసుకుని, తిరిగొచ్చి గ్రూపులో పెట్టాను. బెంజి సర్కిల్ దగ్గర ఎడమకి తిరిగి హైవే ఎక్కాలి. గన్నవరం మీదుగా హనుమాన్ జంక్షన్ చేరి, అక్కడ కుడికి తిరిగి గుడివాడ రావాలి. గుడివాడ దాటాక, చుట్టు తగ్గడానికి, కాలవ గట్టు పట్టుకోవాలి. గట్టు మీద పోతుంటే ఓణీల ఫంక్షను ఫ్లెక్సీ కనిపిస్తుంది. నెమలికంఠం రంగు ఓణీలో అమ్మాయి, పక్కన దణ్ణం పెడుతున్న నల్లకళ్ళజోడు మేనమామ. అక్కడ ఎడమకి తిరిగితే నేరుగా గ్రౌండే. ఉయ్యూరు దగ్గర రోడ్డు తవ్వేశారని చివర్లో ఒక అబద్ధం కూడా కలిపాను.

గ్రూపులో అందరూ టపటపా బొటనవేళ్ళు పెట్టేశారు. హెలెన్ మాత్రం రెండుసార్లు చదివింది.

"పామర్రుకి హనుమాన్ జంక్షన్ మీదుగానా? ముక్కేదంటే తల చుట్టూ తిప్పి చూపించడం ఇదేనేమో."

"రోడ్డు తవ్వారే, ఏం చేయమంటావు?"

"ఎవరు చెప్పారు?"

"డీలరు."

"ఏ డీలరు?"

"నీకు తెలీదులే."

"నాకు తెలియని డీలరు మీకు లేడండీ. అందరికీ క్రిస్మస్ కేకు పంపించేది నేనే."

నేను పేపరు అడ్డం పెట్టుకున్నాను. ఆవిడ కాసేపు ఆ పేపరు వైపే చూసి, "బెన్నీకి ఫోను చేశారా?" అంది.

"చేశాను. ఆ రోజు ఏదో పనుందట."

"అలాగా," అని ఫోను పట్టుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. పెళ్ళాం వాదించినంతసేపూ మొగుడికి భయం లేదు. 'అలాగా' అని ఊరుకుందంటేనే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. ఆ సంగతి ఇన్నేళ్ళ కాపురంలో నేర్చుకుని కూడా, ఆ పూట గెలిచాననే అనుకున్నాను.

శనివారం బయల్దేరాం. బెంజి సర్కిల్ దగ్గర హెలెన్ అంది, "ఏవండీ, ఇప్పటికైనా నేరుగా పోనివ్వండి."

"మాట ఇచ్చాను, ఎడమకే," అని తిప్పేశాను.

హైవే మీద మాకు తెలిసిన కారు ఒక్కటీ కనిపించలేదు. "మనమే ముందున్నాం," అన్నాను. గన్నవరంలోనూ ఎవరూ లేరు. "బాగా ముందున్నాం," అన్నాను. హనుమాన్ జంక్షన్లో కుడికి తిరుగుతుంటే హెలెన్ తాపీగా, "ఇంతదూరం ఎలాగూ వచ్చాం, ఇంకాస్త వెళ్తే ఏలూరులో మా మేనత్తని కూడా చూసి రావచ్చు," అంది. నేను హారన్ కొట్టాను. ఎదురుగా ఎవరూ లేరు, ఊరికే కొట్టాను.

గుడివాడ దాటి కాలవ గట్టు ఎక్కాం. చెప్పినట్టే ఫ్లెక్సీ, నెమలికంఠం ఓణీ, నల్లకళ్ళజోడు. "చూశావా?" అని దర్జాగా ఎడమకి తిప్పాను.

కాస్త దూరం పోయాక మళ్ళీ అదే అమ్మాయి, అదే మేనమామ, అదే దణ్ణం.

"తిరగాల్సింది ఇక్కడా?" అంది హెలెన్.

"ఇక్కడే అనుకుంటా."

"మరి ఇందాకటిది?"

"అదీ ఇదే."

ఎడమకి తిరిగాను. చేల మధ్య ఇంకో మలుపు దగ్గర మేనమామ మళ్ళీ దణ్ణం పెట్టాడు. నాకప్పుడు తెలిసింది. నేను వచ్చిన ఆదివారానికి వాళ్ళు ఒక్కటే కట్టారు. ఈ వారంలో, చుట్టాలు దారి తప్పకూడదని, మలుపు మలుపుకీ ఒకటి కట్టేశారు.

హెలెన్ ఫోన్లో మ్యాపు పెట్టింది. వెనక్కి తిరగమని అందులో ఆవిడెవరో చెప్పింది.

"ఆవిడెప్పుడైనా ఇటు వచ్చిందా? నేను వచ్చాను."

"వెనక్కి తిరక్కూడదనే రూలు ఖో-ఖోలో ఉందండీ, కార్లో లేదు."

నేను వినిపించుకోకుండా ఇంకో ఫ్లెక్సీ దగ్గర తిప్పాను. రోడ్డు నేరుగా ఒక షామియానా ముందుకెళ్ళి ఆగింది. తెల్లపంచె ఆయన పరిగెత్తుకొచ్చి కారు తలుపు తీశాడు.

"రండి రండి. విజయవాడ నించేగా? మీకోసమే చూస్తున్నాం."

"కాదండీ, మేం ఖో-ఖోకి వచ్చాం."

"దానికేం, వెళ్దురుగాని. ముందు భోజనం చేయండి."

వెనక్కి చూస్తే అప్పటికే మా కారు వెనక రెండు కార్లూ ఒక ట్రాక్టరూ వచ్చి ఆగాయి. వాటిల్లోవాళ్ళు దిగి లోపలికి వెళ్ళిపోయారు. మన జిల్లాలో ఫంక్షను గుమ్మం దాకా వచ్చి తినకుండా వెళ్ళినవాడు లేడు, వెళ్ళనిచ్చినవాడూ లేడు. మా చేతుల్లో అక్షింతలు పెట్టారు. కుర్చీలో కూర్చున్న అమ్మాయి మీద హెలెన్ చల్లింది, నేనూ చల్లాను, ఫోటో తీశారు. నల్లకళ్ళజోడు మేనమామ ఎదురుగా వచ్చి నిజంగానే దణ్ణం పెట్టాడు. నేనూ పెట్టాను. ఆయన్ని అప్పటికే చాలాసార్లు చూశాను కాబట్టి కొత్తగా అనిపించలేదు.

ఆ పక్కన భుజం మీద తువ్వాలుతో ఒకాయన నించుని ఉన్నాడు. వంటవాళ్ళు పిలిస్తే అటు వెళ్తున్నాడు, మళ్ళీ వచ్చి అదే చోట నించుంటున్నాడు. పనేమీ లేదు, కూతుర్ని చూసుకోవడానికి. ఆ అమ్మాయికి మా సింధూరి వయసే ఉంటుంది. ఆయన్ని చూడగానే నేను టైము చూసుకున్నాను. ఈపాటికి ఆట మొదలైపోయి ఉంటుంది. పిల్ల లైను వైపు చూస్తే అక్కడ బాబాయ్ లేడు, నేను రానివ్వలేదు. నేనూ లేను. ఎవరి కూతురికో అక్షింతలు వేస్తున్నాను.

"హెలెన్, పద," అన్నాను.

హెలెన్ నేరుగా మైకు అతని దగ్గరికి వెళ్ళింది. "ఖో-ఖో వారి కారుకి దయచేసి దారి ఇవ్వవలసిందిగా కోరుతున్నాం," అని ఊరంతా వినిపించింది. ట్రాక్టరు కదిలింది. తెల్లపంచె ఆయన కిటికీలోంచి రెండు స్వీటు పొట్లాలు లోపల పెట్టి, పామర్రు రోడ్డెటో చెప్పాడు. ఈసారి ఆయన చెప్పినట్టే పోనిచ్చాను.

దార్లో అన్నాను, "హెలెన్, రోడ్డు ఎవరూ తవ్వలేదు. బెన్నీకి నేను ఫోను చేయలేదు."

"తెలుసు. ముందు బండి తోలండి."

"పాపం, నన్ను నమ్మి అంతమంది ఏ గట్ల మీద తిరుగుతున్నారో."

"వాళ్ళ సంగతి తర్వాత చూద్దాం, మీరు తోలండి," అంది. కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది.

గ్రౌండు గోడ పక్కన మాకు తెలిసిన కార్లన్నీ వరసగా ఆగి ఉన్నాయి. పేరెంట్సంతా గట్టు మీద కూర్చుని జంతికలు తింటున్నారు. ఛాయాదేవి గారు జరిగి చోటిస్తూ, "రండి రూటు ఆమోసు గారూ, దారేమైనా తప్పారా?" అన్నారు. నిజంగా కంగారుపడే అడిగారు, అందుకే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

లైను దగ్గర బెన్నీ నించుని ఉన్నాడు. నన్ను చూసి పక్కకి జరిగాడు. "వందనాలు అన్నయ్యా. ఇక్కడికి రండి, ఇక్కణ్ణించైతే పిల్ల బాగా కనిపిస్తుంది."

ఆట చివరికొచ్చేసింది. మావాళ్ళు తరుముతున్నారు. సింధూరికి ఖో దొరికింది, లేచి పరుగందుకుంది. ముందున్న పిల్ల సన్నగా, చేప పిల్లలా జారిపోతోంది. ఇద్దరూ స్తంభం దాకా వెళ్ళారు. ఆ పిల్ల స్తంభం దాటబోయింది. సింధూరి ఒంటిచేత్తో స్తంభం పట్టుకుని ఒళ్ళంతా గాల్లోకి విసిరేసింది. వేళ్ళ కొసలు ఆ పిల్ల మడమకి తగిలాయి. విజిలు మోగింది. బెన్నీ నా భుజం గట్టిగా పట్టుకున్నాడు.

ఒక్క పాయింటుతో మావాళ్ళు ఓడిపోయారు. సింధూరి మోచేతుల నిండా మట్టితో పరిగెత్తుకొచ్చింది.

"డాడీ, చూశావా దూకింది?"

"చూశానమ్మా."

"ముందు దూకింది? అప్పుడైతే ఇంకా దూరం వెళ్ళాను."

నేనేదో చెప్పేలోపే బెన్నీ అందుకున్నాడు, "ఎందుకు చూడలేదు? అప్పుడు ఆ చివర నించున్నారులే. నువ్వే చూసుకోలేదు."

ఎవరిని రాకుండా చేయాలని కృష్ణా జిల్లా సగం చుట్టానో, ఆ మనిషి నా పరువు కోసం అబద్ధం ఆడుతున్నాడు. ఔనని తలాడిస్తే సరిపోయేది. కానీ నా మనసు ఒప్పుకోలేదు.

"లేదమ్మా," అన్నాను. "అప్పటికి నేను రాలేదు. అది చూడలేదు."

సింధూరి మొహం ఒక్క క్షణం చిన్నబోయింది. తర్వాత, "సర్లే డాడీ. వచ్చే నెల తెనాల్లో ఉంది," అని చెయ్యి నా చొక్కాకి తుడుచుకుంది. ఆ మరక ఇంకా పోలేదు.

ఉయ్యూరులో టీ తాగి వెళ్దామని బయల్దేరాం. సింధూరి బాబాయ్ బైకెక్కింది. కార్లో మేమిద్దరమే.

"అందరూ అంత ముందుగా ఎలా వచ్చారు?" అన్నాను.

"ఆ రోజే అమ్మల గ్రూపులో చెప్పాను. మా ఆయన పెట్టినదానికి బొటనవేళ్ళు పెట్టారు సరే, వచ్చేది మాత్రం బందరు రోడ్డున రండి అని. బెన్నీకీ నేనే ఫోను చేశాను."

"అందరికీ చెప్పి నాకొక్కడికే చెప్పలేదా?"

"బెంజి సర్కిల్ దగ్గర చెప్పాగా. చుట్టు తిరిగినా ఆట మొదలయ్యేలోపు చేరతాం కదా అని ఊరుకున్నాను. మీరు ఓణీల ఫంక్షనుకి తీసుకెళ్తారని నాకేం తెలుసు?"

మళ్ళీ అడిగాను. "మరి నువ్వు ఛాయాదేవి గారి కార్లో వెళ్ళిపోవచ్చుగా? పిల్ల మొదటి ఆట. నువ్వూ చివరి కాస్తే చూశావు."

హెలెన్ కిటికీలోంచి చేల వైపు చూస్తోంది. "మీరొక్కరే అయిపోతారనీ," అంది.

బెన్నీ బైకు ముందు పోతోంది, వెనక కూర్చుని మా పిల్ల చేతులు ఊపుతూ ఆయనకి ఏదో చెబుతోంది. వాళ్ళు ఎటు తిరిగితే నేనూ అటే తిప్పుకుంటూ ఉయ్యూరు చేరాను.