యుద్ధనౌకలో పిన్ని

భుం, భుం, భుం... మూడు బరువైన స్వరాలు మెట్టు మెట్టుగా కిందికి దిగాయి. నాలుగోది దిగీ దిగకుండా ఆగిపోయింది. వంటింట్లో ఉన్న పిన్నికి చూడకుండానే సంగతి అర్థమైంది.

"మళ్ళీ పోయావా నాన్నా?"

"పోయాను పిన్నీ," అంది ముందుగది, నీరసంగా.

"పొద్దుట్నించి ఎన్నోసారి?"

"పదకొండు."

"పన్నెండోసారి పోయేలోపు కాఫీ తాగు. చల్లారిపోతోంది."

ముందుగదిలో పోయిన మనిషిని ఆఫీసులో మెత్తనయ్య అంటారు. మాట మెత్తన, నడక మెత్తన. అతను తలుపు తడితే లోపలివాళ్ళు గాలి అనుకుంటారు. చేసే పని మాత్రం యుద్ధానికి సంగీతం అమర్చడం. ముప్ఫై ఏళ్ళ కిందట కుర్రకారు నిద్ర చెడగొట్టిన ఒక అంతరిక్ష యుద్ధపు వీడియో గేమ్‌కు ఇప్పుడు కొత్త రూపు ఇస్తున్నారు. ఆనాడు యంత్రం కూసిన బాణీలను ఈనాడు అసలు వాద్యాలతో వాయించి, రికార్డు చేసి, ఆటలో కూర్చడం అతని బాధ్యత.

ఆ సంగీతానికి ఒక విశేషం ఉంది: అది ఆడేవాడి వెంటే నడుస్తుంది. నౌక తీరిగ్గా సాగుతుంటే వేణువు పలుకుతుంది. పోరు మొదలైతే తీగలు బిగుస్తాయి, ముదిరితే డోళ్ళు విరుచుకుపడతాయి, ఓడిపోతే ఇందాకటి బరువైన స్వరాలు. ఒకటి వెళ్ళి మరొకటి ఎప్పుడొచ్చిందో చెవికి తెలియకూడదు. ఆ తెలియకపోవడం కోసమే మెత్తనయ్య ఎనిమిది నెలలు చెవి అరగదీసుకున్నాడు.

మేనేజరమ్మకు ఇదంతా అక్కర్లేని హంగామా. "సాయంత్రం నాలుగింటికి గేమ్ ఓనరు వస్తున్నారు. ఈలోగా ఎవరైనా బాగా పొడుగ్గా ఆడిన రికార్డు ఒకటి పంపించు. మార్పులు కుదిరితే సరే. లేదంటే మొదట్నించి చివరిదాకా ఒకటే పాట పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది," అని పొద్దున్నే ఫోన్లో తేల్చేసింది. ఒకటే పాట అంటే మెత్తనయ్య ఎనిమిది నెలల పని చెత్తబుట్టలోకే. పొడుగ్గా ఆడాలంటే ముందు బతకాలి కదా. అతను ఆ ఆటలో మూడు నిమిషాలకు మించి ఏనాడూ బతకలేదు.

పిన్ని చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "లే, నేను తోలతాను."

"తోలడం కాదు పిన్నీ, యుద్ధం!"

"ఆఫీసులు వదిలే వేళ బస్సు తోలడం మరేమిటనుకున్నావు? నువ్వెళ్ళి స్నానం చెయ్యి."

పిన్ని బస్సు డ్రైవరుగా పోయినేడే రిటైరైంది. అతను అటు వెళ్ళగానే తెర మీద ఒక ప్రశ్న వెలిగింది: 'అనుభవం ఎన్ని సంవత్సరాలు?' ఆమె కళ్ళజోడు సవరించుకుని, నిజాయితీగా, ఇరవై ఎనిమిది అని కొట్టింది.

నీళ్ళు పోసుకుంటున్నంతసేపూ మెత్తనయ్యకు వేణువే వినబడింది. తల తుడుచుకోకుండా పరిగెత్తుకొచ్చాడు. తెర నిండా నలభై శత్రునౌకలు నిప్పులు కక్కుతున్నాయి. వాటి సందుల్లోంచి పిన్ని నౌక ఒయ్యారంగా సాగిపోతోంది.

"పేల్చవేం పిన్నీ?"

"ఎందుకు? వాడికి దారిచ్చాను, వాడు పోయాడు."

"వాళ్ళు మన శత్రువులు!"

"అయితే? ఎదురుబస్సువాడు తిట్టాడని గుద్దేస్తామా?"

పాతిక నిమిషాలు గడిచాయి. అప్పుడు స్టవ్ మీద గిన్నె మాడిన వాసన వచ్చింది. పిన్ని ఆట ఆపి లేచింది. ఆపిన మరుక్షణమే రికార్డు తనంతట తాను ఆఫీసుకు వెళ్ళిపోయింది.

పాత గేమ్‌లో ప్రమాదాన్ని కొలిచేది శత్రువుల సంఖ్యతో కాదు, ఆడేవాడు పేల్చే తూటాలతో. కొత్తదానికీ అదే లెక్క. పేల్చనిదే డోళ్ళు మోగవు. ఈ కిటుకు తెలియని ప్రోగ్రామరు రికార్డు చూసి తల పట్టుకున్నాడు. "నలభైమంది మీదపడుతుంటే వేణువేమిటి? పైగా ఆడింది ఇరవై ఎనిమిదేళ్ళ అనుభవమున్న మనిషి! తప్పు సంగీతానిదే," అని తీర్పు చెప్పి, చీమ కదిలినా డోళ్ళు మోగేలా మార్చేశాడు. ఇక చూడాలి. భాష ఎంచుకుంటే డోళ్ళు. ఆట ఆపితే డోళ్ళు. 'నిజంగా వెళ్ళిపోతారా?' అని తెర మర్యాదగా అడిగినా డోళ్ళే. మేనేజరమ్మ టీ ఒలికి కాగితాలన్నీ తడిశాయి.

"ఆ ఇరవై ఎనిమిదేళ్ళాయన్ని నాలుగింటికి పిలిపించు," అంది ఆమె, అప్పుడే ఆఫీసుకొచ్చిన మెత్తనయ్యతో. "ఓనరు ముందే తేలిపోవాలి." నిజం చెబుదామని అతను నోరు తెరిచాడు. ఎప్పటిలాగే గాలి వచ్చింది. మధ్యాహ్నానికి మహా ఆటగాడు వస్తున్నాడన్న కబురు అన్ని అంతస్తులకూ పాకింది. కుర్చీలు చాలక కొందరు బల్లలెక్కారు. సంతకం కోసం ఒకాయన పాత గేమ్ పెట్టె పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాడు.

నాలుగింటికి చేతిసంచీతో పిన్ని వచ్చింది.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా ఆడుతున్నది మీరేనా?" మేనేజరమ్మ గొంతు సన్నబడింది.

"ఆడటమేంటమ్మా? తోలాను. బస్సు."

ఎవరో కంగారులో మీట నొక్కారేమో, డోళ్ళు దద్దరిల్లాయి. గేమ్ ఓనరు, నెరసిన గడ్డం పెద్దాయన, చెవులు మూసుకున్నాడు. మేనేజరమ్మ ఆయన వైపు తిరిగింది. "అందుకేనండీ, ఒకటే పాట..."

"వద్దు."

ఆ మాట ఎవరన్నారా అని అందరూ వెనక్కి చూశారు. మెత్తనయ్య నిలబడి ఉన్నాడు. తన గొంతుకు తనే జడుసుకున్నట్టున్నాడు కానీ కూర్చోలేదు. "పొద్దున చేసిన మార్పు తీసెయ్యండి. మా పిన్ని ఒక్క తూటా కూడా పేల్చలేదు, అందుకే వేణువు మారలేదు. ఇంతకుముందే చెప్పాల్సింది, చెప్పలేకపోయాను. తప్పు నాది, సంగీతానిది కాదు."

"పేల్చకుండా అంతసేపు ఎలా బతుకుతారయ్యా?" అన్నాడు ప్రోగ్రామరు.

"కుర్చీ కాస్త ముందుకు జరుపు బాబూ, చూపిస్తాను," అంది పిన్ని.

పాత లెక్క తిరిగి పెట్టారు. వేణువు మొదలైంది. మలుపు వచ్చినప్పుడల్లా గదిలోని జనమంతా ప్రయాణికుల్లా ఒకే పక్కకు ఒరిగారు. పదో నిమిషానికి ఎవరికీ వాచీ గుర్తులేదు. ఇరవయ్యో నిమిషానికి మేనేజరమ్మ ముందు కుర్చీని గట్టిగా పట్టుకుంది. సరిగ్గా ముప్ఫయ్యో నిమిషానికి వేణువు ఆగింది. దాని స్థానంలో సన్నగా, బొంగురుగా, పాత యంత్రం కూసే గొంతుతో మరో బాణీ వచ్చింది. మెత్తనయ్య వాయించిన బాణీల్లో అది లేదు, జాబితాలో లేదు. ఎనిమిది నెలల్లో ఒక్కసారైనా వినలేదు. శత్రునౌకలు ఒక్కొక్కటే నిప్పులు ఆపి, పిన్ని పక్కన వరస కట్టాయి.

ప్రోగ్రామరు గబగబా వెతికాడు. "పాత కోడ్‌లో అట్టడుగున ఉంది సార్. అరగంట ఒక్క తూటా కూడా పేల్చకపోతే ఇది మోగాలట. పేరు కూడా పెట్టలేదు."

పెద్దాయన లేచి నిలబడ్డాడు. "మా దగ్గర బాణీలు కట్టినతను అనేవాడు, ఎవరూ వినని పాట ఒకటి ఇందులో పెట్టానని. ఎలా వినాలయ్యా అంటే నవ్వేవాడు. అతను పోయి చాలా ఏళ్ళైంది." కాసేపు తెరనే చూశాడు. "నేను ముప్ఫై ఏళ్ళుగా పేలుస్తూనే ఉన్నాను."

ఆయన మేనేజరమ్మ వైపు తిరిగాడు.

"ఒకటే పాట పెడితే ఇది ఉండదు కదమ్మా?" అని ఆయన అడిగాడు.

"ఒకటే పాటా? అలా ఎవరన్నారండీ?" అంది మేనేజరమ్మ. "మా అబ్బాయి రేపే దీన్ని వాద్యాలతో రికార్డు చేయిస్తాడు." ఎనిమిది నెలల్లో ఆమె అతన్ని 'మా అబ్బాయి' అనడం ఇదే మొదలు.

రికార్డు చేయాలంటే జాబితాలో ఒక పేరుండాలి. 'మహాశాంతి' అన్నాడు ప్రోగ్రామరు. 'ప్రేమ విజయం' అంది మేనేజరమ్మ. మెత్తనయ్య రెండింటికీ తల అడ్డంగా ఊపాడు. పెద్దాయన పిన్ని వైపు తిరిగాడు. "ఇక్కడిదాకా తీసుకొచ్చింది మీరు. మీరే చెప్పండి."

పిన్ని తెర మీంచి చూపు తిప్పలేదు. అడ్డంగా దూసుకొచ్చిన ఒక యుద్ధనౌకకు బ్రేకేసి దారి వదిలింది. అది పూర్తిగా దాటేదాకా ఆగి, అప్పుడు చెప్పింది.

"'ముందు నువ్వెళ్ళు' అని రాసుకోండి."