సున్నా కామా మూడు ఎనిమిది

దశాంశ సంఖ్యల్ని అంకెల్లో రాసేసి ఊరుకునే వాళ్ళని నమ్మకండి! నాగరికుడన్నవాడు వాటిని అక్షరాల్లో రాస్తాడు, నలుగురిలో నిలబడి గొంతెత్తి చదువుతాడు. మనిషికి భాష పుట్టిందే ఇందుకని నా గట్టి అభిప్రాయం. ప్రేమలేఖలూ తిట్లూ ఆ తరవాత తీరిగ్గా ఉన్నప్పుడు కనిపెట్టుకున్నవి.

ఈ జ్ఞానం నాకు పుట్టుకతో వచ్చింది కాదు. లైప్‌జిగ్ శివార్లలో మా ‘వసంత విశ్రాంతి’ తోటల సంఘంలో చేరాక వచ్చింది. పేరులో విశ్రాంతి ఉంది కదా అని చేరాను. తలా ఓ చిన్న తోట, తోటలో ఓ చెక్క గది, తోట చుట్టూ పొదల కంచె, కంచె చుట్టూ నిబంధనలు.

మా అధ్యక్షులు ఒట్మార్ హిల్గర్ట్ గారు ప్రతి వసంతంలోనూ ఇనప టేపు పట్టుకుని తోట తోటకీ తిరుగుతారు. గది, వసారాతో కలిపి, ఇరవై నాలుగు చదరపు మీటర్లు దాటకూడదు. కంచె ఎత్తు ఒకటి కామా రెండు ఐదు మీటర్లు దాటకూడదు. దాటితే నోటీసు. నోటీసుని లెక్కచెయ్యకపోతే తోట పోతుంది.

కామా బదులు పాయింటు అనే దేశాలు కూడా ఉన్నాయని విన్నాను. పాపం, వాళ్ళ ఖర్మ! పాయింటు అంటే అక్కడితో అయిపోయినట్టుంటుంది. కామా అంటే ‘వెళ్ళిపోకండి, ఇంకా ఉంది’ అన్నట్టుంటుంది. మా ఒట్మార్ గారి ఉపన్యాసం కూడా అచ్చం అలాగే ఉంటుంది.

చేరిన మొదటి ఏడే మా కంచె దొరికిపోయింది. “ఒకటి కామా ఇరవై ఏడట” అని మా ఆవిడకి చెబుతుంటే, గేటు దాటిన మనిషి వెనక్కొచ్చారు.

“కామా తరవాత ఇరవై అనేది ఉండదు, తోటమిత్రమా. రెండు ఉంటుంది, ఏడు ఉంటుంది. విడివిడిగా చదవాలి.”

తోటమిత్రమా అనడం మా సంఘం మర్యాద. నోటీసు ఇచ్చేటప్పుడు కూడా అలాగే పిలుస్తాం.

ఆ రోజు నుంచి నా జీవితం మారిపోయింది! రొట్టె మీద వెన్న ఎంత పూయాలో మిల్లీమీటర్లలో, కామాతో సహా, అక్షరాల్లో చెప్పడం మొదలెట్టాను. నా మీద ప్రేమ ఉందా అని మా ఆవిడ అడిగితే, సున్నా కామా తొమ్మిది తొమ్మిది అన్నాను. మిగిలింది ఎవరికిచ్చావని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఆ రెండు రోజుల ప్రశాంతత మామూలు మొగుళ్ళకి దొరుకుతుందా?

ఇక బీరు సంగతి. మా సంఘం హాల్లో బీరు కావాలంటే సున్నా కామా మూడు లీటర్లా, సున్నా కామా ఐదా అని అడుగుతారు. గ్లాసు మీద గీత కూడా ఉంటుంది. అది తాగి కారెక్కితే, పోలీసు మన చేత గొట్టంలో ఊదించి మళ్ళీ ఆ సున్నా కామా ఐదే చదువుతాడు. మొదలైన చోటికే ఇంత చక్కగా తిరిగొచ్చే సాయంత్రం పూర్ణసంఖ్యలతో కుదురుతుందా చెప్పండి!

కానీ అసలు వైభవం సర్వసభ్య సమావేశంలో చూడాలి. ఆదివారం భోజనాలయ్యాక ఒట్మార్ గారు లేచి అందరి తోటల కొలతలూ అక్షరాల్లో చదువుతారు. పొడవు, వెడల్పు, కంచె, గది. నిద్రపట్టని వాళ్ళు డాక్టర్లని వదిలేసి మా సభ్యత్వం తీసుకుంటున్నారు. ఆయనే ఒక నిబంధన కూడా పెట్టారు. చదవడంలో ఏ ఒక్క సంఖ్య మధ్యలో ఆగిపోయినా ఆ ఏటి కొలతలూ నోటీసులూ ఏవీ చెల్లవు. సంఖ్య మీద అంత గౌరవం ఆయనకి.

వరసలో మొదటిది ఆయన తోటే. అది చదివే సమయానికి మేమంతా బీరు దగ్గర నిలబడి ఉంటాం, లేకపోతే కుర్చీలు ఈడ్చుకుంటుంటాం. అందుకని ఆ కొలత మేమెవ్వరం ఎప్పుడూ వినలేదు.

ఈ ఏడు రోస్‌విత టీమే అనే ఆవిడ విన్నది. ఆవిడ భర్త లోథర్ ట్రాములు నడిపి రిటైరయినవాడు. నిరుడు పక్షవాతం వచ్చి చక్రాల కుర్చీకి అంటుకుపోయాడు. కుర్చీకి చోటు దొరకాలని ఇద్దరూ అందరికంటే ముందొచ్చి, ముందు వరసలో కూర్చున్నారు. వాళ్ళకి ఆ రోజు భయం కూడా ఉంది. వానొచ్చినా ఆయన బయట కూర్చుని తన టమాటాలు చూసుకోవాలని, ఆవిడ వసారా కాస్త ముందుకి పొడిగించింది. టేపు దాన్ని పట్టేసింది. వసారా కోసెయ్యాలి, లేదంటే లోథర్ పెళ్ళికి ముందు నుంచీ సాగుచేస్తున్న తోట ఖాళీ చెయ్యాలి.

వాళ్ళ వంతు వచ్చింది. ఒట్మార్ గారు గొంతు సవరించుకున్నారు.

“గది, వసారాతో కలిపి, ఇరవై నాలుగు కామా మూడు ఎనిమిది. అదనం, సున్నా కామా మూడు ఎనిమిది చదరపు మీటర్లు. నెలాఖరుకి తీసెయ్యాలి.”

రోస్‌విత లేచింది.

“మాది కూడా సుమారుగా ఇరవై నాలుగని చదవండి, తోటమిత్రమా. ఇందాక మీది అలాగే చదివారు కదా.”

హాల్లో గ్లాసులు కిందికి దిగాయి. నిద్రపోతున్న వాళ్ళు లేచి ఏమైందని పక్కవాళ్ళని అడిగారు. సుమారు! ఆయన నోట! కామా తరవాత ఇరవైని బతకనివ్వని మనిషి నోట!

తనది పాత కొలత అని, టీమే వాళ్ళది అదనం అని, అదనం అదనమేనని ఆయన వివరించబోయారు.

“అదనం కాదండీ అది” అంది రోస్‌విత. “అంత మేర కోసేస్తే మనిషి లోపలుంటాడు, కాళ్ళు వానలో ఉంటాయి. ఆ సున్నా కామా మూడు ఎనిమిదిలో ఉన్నవి మా ఆయన కాళ్ళు.”

లోథర్‌కి మాట సరిగ్గా రాదు. అయినా కూడబలుక్కుని అన్నాడు.

“రెండు. పూర్ణసంఖ్య.”

నవ్వాలో ఏడవాలో ఎవరికీ తెలియలేదు. వెనకనించి ఎవరో, అధ్యక్షులవారిది కూడా ఇప్పుడే కొలిచేస్తే పోతుంది కదా అన్నారు. అందరం గ్లాసులు పట్టుకునే బయల్దేరాం. టేపు ఆయన గదిలోనే ఉంటుంది. వెతకడానికి పదిమందిమి లోపలికి వెళ్ళాం, పదిమందికీ చోటు సరిపోయింది. సోఫా ఉంది, ఫ్రిజ్ ఉంది, దారిలోకి కనపడకుండా వెనక వైపు కట్టిన అద్దాల గది కూడా ఉంది. ఆ అద్దాల గదిలో ఆయన టమాటాలు హాయిగా ఎర్రబడుతున్నాయి.

కొలిచాం, గుణించి చీటీ మీద వేశాం. చదవాల్సింది అధ్యక్షులవారే, అది నిబంధన. ఆయన చీటీ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని, దూరంగా పెట్టుకుని, చివరికి మొదలెట్టారు.

“ముప్పై ఒకటి కామా…”

అక్కడ ఆగారు. చదవండి అన్నాం. వెలుతురు చాల్లేదన్నారు. ఎండ ఫెళఫెళా కాస్తోంది. కళ్ళజోడు తేలేదన్నారు. అది ఆయన ముక్కు మీదే ఉంది. మిగతాది మా పైనున్న తోటల సమాఖ్యకి రాసి, వాళ్ళ జవాబు వచ్చాక చదువుతానన్నారు.

నాకు ఒళ్ళు మండిపోయింది. ఇన్నేళ్ళూ నా కంచెలో ఒక్కో కొమ్మని విడివిడిగా చదివిన మనిషి! ఎక్కడికెళ్ళినా ఇదే కదా వరస. చక్రాల కుర్చీకి కామా తరవాత రెండంకెలు, అద్దాల గదికి సుమారు. కొలవడం తప్పని నేననను. టేపు తన గుమ్మం దగ్గరికి రాగానే ‘సుమారు’ అనేసే నోరు ఉంది చూశారూ, దాంతోనే నా పేచీ.

అందుకే మళ్ళీ చెబుతున్నాను, దశాంశాల్ని అక్షరాల్లో చదివించడం మహా వరం! కాకపోతే ఎవరిది వాళ్ళ చేతే చదివించాలి. ఒట్మార్ గారి సంఖ్య ఇంకా కామా దగ్గరే ఉంది. అది పూర్తయ్యేదాకా, ఆయన నిబంధన ప్రకారమే, ఈ ఏటి నోటీసులు ఏవీ చెల్లవు.

నిన్న జోరుగా వాన కురిసింది. లోథర్ వసారాలో కూర్చుని టమాటాలు చూసుకుంటున్నాడు. కాళ్ళు తడవలేదు.